మీ గురించి ఇంకెవరు రాశారు?

అన్నిటికంటే ఎక్కువ భాషల వికీపీడియాల్లో ఎవరి గురించి వ్యాసం ఉండి ఉంటుంది? గాంధీ, బుద్ధుడు, ఐన్‌స్టీన్, లేదా ఏ దేశాధ్యక్షుడో అని ఎవరైనా అనుకుంటారు. 2025 మధ్య వరకూ ఆ వరసలో ముందున్నది వీళ్ళెవరూ కాదు. సంగీత ప్రియుల్లో సైతం చాలామంది పేరు విని ఉండని ఒక అమెరికన్ సంగీతకారుడు. మూడు వందల ముప్ఫైకి పైగా భాషల్లో ఆయన మీద వ్యాసాలుండేవి. ఒక వికీపీడియన్‌కు అనుమానమొచ్చి తీగ లాగితే డొంకంతా కదిలింది. పదేళ్ళకు పైగా, దాదాపు 200 ఖాతాల నుంచి, అంతకు మించిన ఐపీ చిరునామాల నుంచి ఒకే పని జరుగుతూ వచ్చింది: ఆ వ్యాసాన్ని ఒక్కో భాషలోకి తర్జుమా చేసి పెట్టడం, సందర్భం ఉన్నా లేకపోయినా ఇతర వ్యాసాల్లో ఆ పేరు చొప్పించడం. ఆ ఏడాది ఆగస్టులో వికీపీడియన్ల సొంత పత్రిక 'సైన్‌పోస్ట్' ఈ పరిశోధనను ప్రచురించింది. ఆ వ్యాసాల్లో అత్యధిక భాగాన్ని తీసేశారు.

ఆ ఖాతాల వెనక ఎవరున్నారన్నది పక్కన పెడదాం. ఇంత పని అన్నేళ్ళపాటు ఎలా సాగిందన్నదే అసలు సంగతి. అందులో బూతుల్లేవు, ఆకతాయి చేష్టల్లేవు. ఏ ఒక్క భాషలో చూసినా మూలాలూ బొమ్మలూ ఉన్న పద్ధతైన చిన్న వ్యాసం. రాసింది ఎవరని ఆరా తీస్తే ఒక్కో చోట ఒక్కో కొత్త ఖాతా. పాతికేళ్ళుగా వికీపీడియా ఇలాంటి వ్యవహారాలతో పెనుగులాడుతూనే ఉంది. ఆ చరిత్రను వరసగా చూస్తే ఒక విషయం స్పష్టమవుతుందని నా అభిప్రాయం. రాసినవాడు ఎవడో తేల్చడం దాదాపు అసాధ్యం. దేన్ని ఆధారం చేసుకుని రాశాడో అడగడం ఎవరికైనా చేతనయ్యే పని. స్వోత్కర్షను ఎదుర్కోవడానికి మొదటి దారి పట్టిన ప్రతిసారీ వికీపీడియా అలసిపోయింది. రెండో దారిలో నడిచినప్పుడే గెలిచింది. ఆ రెండో దారికి కూడా ఒక బలహీనత ఉంది. అది తెలుగు వాళ్ళకు మరీ దగ్గరి విషయం కాబట్టి చివర్లో మాట్లాడదాం.

ముందుగా, తనను తాను పొగుడుకోవడం నేరమా? మహాభారతం కర్ణపర్వంలో దీనికో కఠినమైన తీర్పుంది. గాండీవాన్ని ఇంకొకరికి ఇచ్చెయ్యమన్నవాణ్ణి చంపుతానని అర్జునుడు వ్రతం పట్టి ఉంటాడు. ఆ మాట ధర్మరాజే అంటాడు. అన్నను నిందిస్తే చాలు, అది చంపినట్టే అని కృష్ణుడు ఉపాయం చెబుతాడు. నిందించాక ఆ పాపానికి అర్జునుడు తన ప్రాణం తీసుకోబోతే, నిన్ను నువ్వు పొగుడుకో, అదీ ఆత్మహత్యే అంటాడు. అంత మాట విన్న తెలుగు భాషలోనే కవులు కావ్యావతారికల్లో తమ పాండిత్యాన్ని తామే చాటుకున్నారు, కృతిభర్త వంశాన్ని తరాల వెనక నుంచి కీర్తించారు, ప్రతిఫలంగా అగ్రహారాలూ పుచ్చుకున్నారు. అయినా పాఠకుడు మోసపోలేదు. అవతారికలో ఏముంటుందో అతనికి ముందే తెలుసు. ఇవాళ ఫేస్‌బుక్ గోడ మీదా, సొంత వెబ్‌సైట్‌లోనూ, పుస్తకం వెనక అట్ట మీదా ఎవరి డప్పు వాళ్ళు కొట్టుకోవడం అలాంటిదే. అక్కడ ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు. విజ్ఞాన సర్వస్వం అనే ప్రక్రియ వేరు. అక్కడ మాట్లాడేది ఫలానా మనిషి అని ఉండదు; అందరి తరఫునా ఎవరో నిష్పక్షపాతంగా చెబుతున్నట్టు ఉంటుంది. ఆ గొంతును అరువు తెచ్చుకుని తన గురించి తాను చెప్పుకోవడమే అసలు తప్పు. పొగడ్త కంటే మారువేషం ప్రమాదకరం.

కొమర్రాజు లక్ష్మణరావు 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము' పని మొదలుపెట్టిన కాలంలో ఈ మారువేషానికి అవకాశం తక్కువ. ఏది అచ్చుకెక్కాలో సంపాదకుడు నిర్ణయించేవాడు. 2001 జనవరిలో జిమ్మీ వేల్స్, లారీ సాంగర్ ప్రారంభించిన వికీపీడియా ఆ గడపను తీసేసింది. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు, ప్రతి మార్పూ 'చరిత్ర'లో నమోదవుతుంది. 2003 డిసెంబరులో పుట్టిన తెలుగు వికీపీడియా లక్ష వ్యాసాలు దాటగలిగింది ఆ గడప లేకపోవడం వల్లే. గడప లేని ఇంట్లోకి పొగడ్త కూడా సులువుగానే నడిచివస్తుంది.

మొదట చేయి పెట్టినవాళ్ళలో స్థాపకుడే ఉన్నాడు. సాంగర్‌ను సహస్థాపకుడిగా చెప్పే మాటలను వేల్స్ తన జీవిత వ్యాసంలో పలుమార్లు మార్చాడని 2005 చివర్లో బయటపడింది. అలా చేయకుండా ఉండవలసిందని ఆయనే ఒప్పుకున్నాడు. 2006 జనవరిలో అమెరికా ప్రతినిధుల సభ సభ్యుడు మార్టీ మీహన్ కార్యాలయ సిబ్బంది ఆయన వ్యాసాన్ని తీసేసి తాము తయారు చేసుకున్న పరిచయాన్ని పెట్టారని తేలింది. నాలుగు పర్యాయాలకు మించి పదవిలో ఉండనని ఆయన ఒకప్పుడు ఇచ్చిన మాట ఆ మార్పుల్లో మాయమైంది. 2007 ఆగస్టులో వర్జిల్ గ్రిఫిత్ అనే విద్యార్థి 'వికీస్కానర్' అనే ఉపకరణం తయారు చేశాడు. ఖాతా లేకుండా చేసిన మార్పుల ఐపీ చిరునామాలు ఏ సంస్థలవో అది చూపించేది. ఓటింగ్ యంత్రాల సంస్థ డీబోల్డ్ చిరునామా నుంచి, ఆ యంత్రాల భద్రత మీద సందేహాలు చెప్పే పదిహేను పేరాలు ఎగిరిపోయిన సంగతి అలా వెలుగులోకి వచ్చింది. పత్రికలకు పండగే అయింది. కార్పొరేట్ కంపెనీలు, ప్రభుత్వ శాఖలు, చర్చిలు, పార్టీలు అన్నీ దొరికిపోయాయి.

దొరికింది మాత్రం అమాయకులే. ఆఫీసు కంప్యూటర్ నుంచి, ఖాతా కూడా తెరవకుండా దిద్దినవాళ్ళు. వికీస్కానర్ నేర్పిన పాఠాన్ని అందరికంటే బాగా వంటబట్టించుకున్నది ప్రచార సంస్థలు: ఖాతా తెరవాలి, వేరే చోటి నుంచి రాయాలి, ఒకే ఖాతాతో ఎక్కువ రాయకూడదు. 2013లో బయటపడ్డ వికీ-పీఆర్ అనే అమెరికన్ సంస్థ వ్యవహారంలో 250కి పైగా మారు ఖాతాలను నిరోధించవలసి వచ్చింది. దాంతో వికీమీడియా ఫౌండేషన్ 2014 జూన్‌లో వాడుక నిబంధనలు మార్చింది. డబ్బు తీసుకుని రాసేవాళ్ళు ఎవరి తరఫున రాస్తున్నారో, ఎవరు చెల్లిస్తున్నారో బహిరంగంగా చెప్పి తీరాలి. నిబంధన మంచిదే. నిజాయితీగా చెప్పదలచినవాడికి అది ఒక మర్యాదైన దారి చూపించింది. దాచదలచినవాణ్ణి అది ఏం చేయగలదు? ఏడాది దాటాక జవాబు దొరికింది. 2015 ఆగస్టు చివర్లో 381 ఖాతాలను ఒక్కసారిగా నిరోధించారు, 210 వ్యాసాలను తొలగించారు. 'ఆరెంజ్‌మూడీ' అని పేరుపడిన ఈ కేసులో జరిగింది ప్రచారం కూడా కాదు, దోపిడీ. చిన్న వ్యాపారులు, కళాకారులు తమ గురించి రాసుకున్న చిత్తుప్రతులు తిరస్కరణకు గురయ్యేవి. ఆ తర్వాత ఒకడు ఫోను చేసేవాడు, లేదా మెయిల్ పంపేవాడు. తాను వికీపీడియాలో అనుభవజ్ఞుణ్ణనీ, డబ్బిస్తే వ్యాసం పెట్టిస్తాననీ చెప్పేవాడు. పెట్టాక, దాన్ని ఎవరూ తీసేయకుండా కాపలా కాయడానికి నెలనెలా రుసుము. అంటే తమ డప్పు తాము కొట్టుకోవాలనుకున్నవాళ్ళే ఇక్కడ బాధితులు. వికీపీడియాలో వ్యాసానికి ఎవరికీ, ఎక్కడా రుసుము కట్టనక్కర్లేదని తెలిస్తే ఆ బేరం అక్కడే ముగిసేది.

మన దేశపు కేసు ఇంకా బోధపరిచేది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్లానింగ్ అండ్ మేనేజ్‌మెంట్, అంటే ఐఐపీఎం, ఒకప్పుడు పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలిచ్చేది. హైదరాబాద్‌తో సహా పలు నగరాల్లో శాఖలుండేవి. దానికి యూజీసీ, ఏఐసీటీఈ గుర్తింపు లేదన్న సంగతి మీద ఏళ్ళ తరబడి వివాదం నడిచింది. 2014 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ సంస్థ తన కోర్సులకు ఎంబీఏ, బీబీఏ అన్న పేర్లు వాడకూడదని, తనను బిజినెస్ స్కూల్ అని చెప్పుకోకూడదని ఆదేశించింది. ఆ వివాదం నడిచిన ఏళ్ళలో ఆంగ్ల వికీపీడియాలో ఐఐపీఎం వ్యాసాన్ని చూసుకుంటున్న వాళ్ళలో ఒక వికీపీడియా నిర్వాహకుడి ఖాతా ఉంది. విమర్శలను పలచన చేయడం, ప్రతికూలమైన మూలాలను ఏదో ఒక నిబంధన పేరు చెప్పి తీసేయడం, పోటీ సంస్థల వ్యాసాల్లో ప్రతికూల విషయాలకు చోటివ్వడం, ఇవన్నీ చాలా ఓపిగ్గా, మర్యాదగా సాగాయి. నిబంధనలన్నీ ఆ ఖాతాకు కంఠతా వచ్చు. 2015 ఫిబ్రవరిలో ఆంగ్ల వికీపీడియా మధ్యవర్తిత్వ మండలి ఆ నిర్వాహక హోదాను తీసేసి ఖాతాను బహిష్కరించింది. ఆ మార్చిలో 'న్యూస్‌వీక్' పత్రిక ఈ కథను ప్రపంచానికి చెప్పింది.

మండలి ఆ మనిషి అసలు పేరు కనుక్కోలేదు, కనుక్కోనక్కర్లేదు కూడా. ఏళ్ళ తరబడి చేసిన మార్పులన్నిటినీ పక్కపక్కన పేర్చి, అవి ఏ వైపు మొగ్గుతున్నాయో, ఏ మూలాలను మింగేస్తున్నాయో చూపించారు, అదే చాలింది. ఆలస్యమైందన్నది నిజమే. ఆ ఆలస్యానికి కారణం కూడా రాసినవాడి మీద పెట్టుకున్న చూపే. నిర్వాహకుడు కదా, అనుభవం ఉన్నవాడు కదా అన్న గౌరవం వల్ల వాక్యాలను ఎవరూ గట్టిగా పరీక్షించలేదు. మనిషిని చూసి అనుమానించడం ఎంత పొరపాటో, మనిషిని చూసి నమ్మడం అంతే పొరపాటు.

మరి ఆధారాన్ని అడిగే పద్ధతి ఎలా పనిచేస్తుంది? దాని పేరు తెలుగు వికీపీడియాలో 'విషయ ప్రాముఖ్యత'. పేరు చూసి గొప్పతనం కొలిచే తూకమని చాలామంది అపోహపడతారు. నిజానికి అది అడిగేది ఒకటే ప్రశ్న: మీతో సంబంధం లేనివాళ్ళు, నమ్మదగిన చోట, మీ గురించి కాస్త విపులంగా రాశారా? మీ ఇంటర్వ్యూ లెక్కలోకి రాదు, అందులో మాట్లాడింది మీరే కాబట్టి. మీ పుస్తకానికి మీ మిత్రుడు రాసిన ముందుమాట రాదు. మీరు పంపిన ప్రెస్‌నోట్ యథాతథంగా అచ్చయితే అదీ రాదు. సభకు హాజరైన వాళ్ళ జాబితాలో మీ పేరుంటే రాదు. ఇవన్నీ తీసేశాక ఏమైనా మిగిలితే వ్యాసానికి పునాది ఉన్నట్టు. ఏమీ మిగలకపోతే, రాసింది మీరైనా మీ అభిమాని అయినా కిరాయి రచయిత అయినా తేడా లేదు. వ్యాసం నిలవదు. అందులో ఎవరి నిజాయితీనీ శంకించనక్కర్లేదు, ఎవరి గుట్టూ లాగనక్కర్లేదు.

ఇదే కొలత వాక్యానికీ వర్తిస్తుంది. తెలుగు వికీపీడియాలో కొత్తగా వచ్చే జీవిత వ్యాసాలు కొన్నిటిని చూడండి. మొదటి వాక్యంలోనే 'ప్రముఖ', 'సుప్రసిద్ధ', 'బహుముఖ ప్రజ్ఞాశాలి' వరస కడతాయి. చేసిన పని రెండు పంక్తులు, అందుకున్న బిరుదులు ఇరవై. బాల్యం గురించి ఇంట్లోవాళ్ళకు తప్ప తెలియని ముచ్చట్లు. శాలువా కప్పుకున్న ఫొటోలు అరడజను. 'ప్రముఖ' అన్న మాట తీసేసి, ఎవరు అన్నారు, ఎక్కడ అన్నారు అని అడుగుతూ పోతే ఆ వ్యాసం మొలకగా, అంటే నాలుగు వాక్యాల ముక్కగా, మిగులుతుంది, కొన్నిసార్లు అదీ మిగలదు. అక్కడి శైలి నియమం ప్రకారం 'శ్రీ', 'గారు' రాయరు, 'జన్మించాడు' అనే రాస్తారు. పెద్దవాళ్ళను ఏకవచనంలో రాస్తారా అని నొచ్చుకునేవాళ్ళు మనలో చాలామంది. మర్యాద మాట అటుంచితే, ఆ నియమం వల్ల ఒక మేలుంది: అక్కినేనికి లేని గౌరవవాచకం నిన్న మొన్న కవితా సంపుటి వేసుకున్నవాడికి ఉంటే, రాసింది దగ్గరివాళ్ళేనని ఇట్టే తెలిసిపోతుంది.

పెద్ద కంపెనీల తెలివి కూడా ఈ కొలత ముందు తేలిపోయింది. 2017 ఏప్రిల్‌లో బర్గర్ కింగ్ ఒక టీవీ ప్రకటన వదిలింది. అందులో నటుడు గూగుల్ పరికరాన్ని పిలిచి తమ బర్గర్ అంటే ఏమిటని అడుగుతాడు. మన ఇంట్లో పరికరం ఉలిక్కిపడి వికీపీడియా వ్యాసం తొలి వాక్యం చదవాలి. అంతకు కొద్ది రోజుల ముందే ఆ తొలి వాక్యం ప్రకటన భాషలోకి మారిపోయి ఉంది. గంటల్లోనే జనం దాన్ని తమకు తోచినట్టు మార్చారు, ఆ బర్గర్‌లో ఏవేవి కలుస్తాయో రాయరాని సంగతులు కూడా చేర్చారు, గూగుల్ ఆ ప్రకటనకు జవాబివ్వడమే ఆపేసింది. 2019లో నార్త్ ఫేస్ అనే దుస్తుల సంస్థ ప్రచారకులు, ప్రసిద్ధ పర్యాటక ప్రదేశాల వ్యాసాల్లో ఉన్న ఫొటోలు తీసేసి తమ జాకెట్లు కనబడే ఫొటోలు పెట్టారు. ఆ గొప్ప చెప్పుకుంటూ వీడియో కూడా విడుదల చేశారు. ఫొటోలు పోయాయి, సంస్థ క్షమాపణ చెప్పింది. మొదటిదాంట్లో తమ పనేనని చెప్పకపోయినా, రెండోదాంట్లో గొప్పగా చెప్పుకున్నా ఫలితం ఒకటే.

ఇంత రాద్ధాంతం దేనికి, కాగితం ఖర్చు లేదు కదా, ఎవరి పేజీ వాళ్ళు పెట్టుకుంటే పోయేదేముంది అని అడిగేవాళ్ళున్నారు. ఇది తేలిగ్గా కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. అచ్చు పుస్తకంలో ఒకరికి చోటిస్తే ఇంకొకరికి తగ్గుతుంది. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు. అయితే ఖర్చు వేరే చోట పడుతుంది. ప్రతి పేజీని ఏళ్ళ తరబడి ఎవరో ఒకరు కాపు కాయాలి. ఆంగ్లంలో ఆ పనికి వేలమంది ఉన్నారు. తెలుగులో క్రమం తప్పకుండా పనిచేసేవాళ్ళు కొద్దిమంది, వాళ్ళూ జీతం లేని స్వచ్ఛంద సేవకులే. ఒకరి సన్మానాల జాబితాను సరిచేయడానికి వాళ్ళు వెచ్చించే సాయంత్రం, మన జిల్లా చెరువుల గురించో, క్షయవ్యాధి గురించో రాయవలసిన వ్యాసం నుంచి తీసుకున్నది. రెండోది, ఈ పేజీలు అక్కడే ఉండిపోవు. గూగుల్ 2012 నుంచి వెతుకులాట ఫలితాల పక్కన పెట్టెలో చూపే సమాచారంలో వికీపీడియా వాటా పెద్దది. కృత్రిమ మేధ నమూనాలు నేర్చుకునే పాఠ్యంలోనూ అది ముఖ్యమైనది. తెలుగు వంటి భాషల్లో జాలంలో దొరికే పాఠ్యమే తక్కువ. అలాంటప్పుడు ఇక్కడ పడ్డ ఒక్కో అబద్ధపు విశేషణానికి ఆంగ్లంలో కంటే ఎక్కువ బరువుంటుంది. ఐఐపీఎం గురించి వెతికిన విద్యార్థికి, అతని ఫీజు కట్టిన తండ్రికి పోయేదేముందని చెప్పగలం?

నా గురించి నాకంటే ఎవరికి బాగా తెలుసు అన్నది ఇంకో వాదన. దీన్ని అందరికంటే ఘనంగా వినిపించినవాడు నవలాకారుడు ఫిలిప్ రాత్. ఆయన 'ది హ్యూమన్ స్టెయిన్' నవలకు ప్రేరణ అనటోల్ బ్రోయార్డ్ అనే రచయిత జీవితమని కొందరు విమర్శకులు అన్న మాట వికీపీడియాలో ఉంది. అది తప్పని, సరిచేయమని రాత్ తరఫున అడిగితే, రచయిత మాట ఒక్కటే చాలదు, ద్వితీయ మూలాలు కావాలని జవాబొచ్చింది. ఆయన 2012 సెప్టెంబరులో 'న్యూయార్కర్'లో వికీపీడియాకు బహిరంగ లేఖ రాశాడు: ప్రేరణ తన మిత్రుడు, ప్రొఫెసర్ మెల్విన్ ట్యూమిన్‌కు జరిగిన సంఘటన అని. లోకమంతా నవ్వుకుంది, నవల రాసినవాడికే నవల గురించి తెలియదంటారా అని. నాకు మాత్రం ఇందులో పద్ధతి చెడినట్టు అనిపించదు. ఆయన మాట సంతకంతో, బాధ్యతగల పత్రికలో వచ్చింది. వెంటనే అది వ్యాసంలోకి చేరింది. విమర్శకులు అలా అనుకున్నారన్న వాస్తవమూ చరిత్రే కాబట్టి అదీ నిలిచింది. రాత్‌కు హక్కున్నది తన మాట వినిపించడానికి, ఇతరుల మాట చెరిపేయడానికి కాదు. తన మీద వచ్చిన వ్యాసంలో పుట్టిన తేదీ తప్పు పడ్డా, చేయని నేరం అంటగట్టినా ఎవరైనా చర్చ పేజీలో ఆధారం చూపి అడగవచ్చు. బతికున్నవాళ్ళ మీద ఆధారం లేని ఆరోపణ ఉంటే తక్షణం తీసేయాలన్నది అక్కడి కఠిన నియమం. స్వేచ్ఛా లైసెన్సుతో తన మంచి ఫొటో ఒకటి ఇవ్వవచ్చు. ఇవేవీ స్వోత్కర్ష కిందికి రావు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం ఇంకొకటి. స్వతంత్ర మూలాలు అడిగితే ఇప్పటికే పేరున్నవాళ్ళకే పేరొస్తుంది కదా? కెనడా భౌతిక శాస్త్రవేత్త డొనా స్ట్రిక్లాండ్ మీద రాసిన చిత్తుప్రతిని 2018 మేలో ఆంగ్ల వికీపీడియాలో తిరస్కరించారు, చూపిన మూలాలు చాలవని. అదే ఏడాది అక్టోబరు 2న ఆమెకు నోబెల్ బహుమతి ప్రకటించారు. భౌతిక శాస్త్రంలో 55 ఏళ్ళ తర్వాత ఒక మహిళకు దక్కిన నోబెల్ అది. ఆ ఉదయానికి ఆమెకు వికీపీడియాలో పేజీ లేదు. మన దగ్గర ఒగ్గు కథకులు, తోలుబొమ్మలాట కుటుంబాలు, బుర్రకథ దళాలు ఎన్నున్నాయి! జీవితమంతా ఊళ్ళు తిరిగి ఆడినా వాళ్ళ మీద అచ్చులో ఒక్క పేజీ దొరకదు. పక్క వీధిలో బిరుదులు కొనుక్కున్న ఆయనకు మాత్రం పత్రికా కత్తిరింపులు సంచి నిండా ఉంటాయి. ఈ అన్యాయం నిజం. అయితే నిబంధన సడలిస్తే ముందుగా లోపలికి వచ్చేది ఎవరో ఊహించండి. ఒగ్గు కథకుడు తన పేజీ తాను రాసుకోవడానికి రాడు. కత్తిరింపుల సంచి ఉన్న ఆయనే వస్తాడు. స్ట్రిక్లాండ్ విషయంలో జరిగింది కూడా లోకం ఆమె గురించి రాయకపోవడమే. వికీపీడియా ఆ మౌనాన్ని ప్రతిబింబించింది.

ఇక్కడే నేను మొదట్లో చెప్పిన బలహీనత బయటపడుతుంది. ఆధారాన్ని అడిగే పద్ధతి, ఆధారాలు నిజంగా స్వతంత్రమైనవని నమ్ముకుని నడుస్తుంది. 2009 ఎన్నికల తర్వాత పత్రికల్లో డబ్బు తీసుకుని వార్తలు వేయడం మీద ప్రెస్ కౌన్సిల్ ఒక ఉపసంఘం వేసింది. అందులో ఇద్దరే సభ్యులు, ఇద్దరూ పాత్రికేయులే: పరంజయ్ గుహా ఠాకుర్తా, మన కె. శ్రీనివాసరెడ్డి. ఆ ఎన్నికల్లో పశ్చిమ గోదావరి జిల్లాలో జరిగిన వార్తల బేరాల మీద ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ చేసిన నమూనా సర్వే ఆ నివేదికలో చోటు చేసుకుంది. పూర్తి నివేదికను కౌన్సిల్ వెంటనే బయటపెట్టలేదు. 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే అది అధికారికంగా జనానికి అందింది. ఇవాళ ఆంగ్ల వికీపీడియా మార్గదర్శకాల్లో భారతీయ వార్తా సంస్థల గురించి విడిగా ఒక హెచ్చరిక ఉంది: వార్త రూపంలో ప్రకటనలు వస్తుంటాయి కాబట్టి జాగ్రత్తగా చూడమని. ఒక దేశపు పత్రికల మీద అలాంటి హెచ్చరిక ఉండడం మనం సిగ్గుపడవలసిన సంగతే. అది అన్యాయమని వాదించడం మాత్రం కష్టం.

తెలుగు వికీపీడియన్ల ముందుకు వచ్చే మూలం చాలాసార్లు జిల్లా ఎడిషన్‌లో రెండు కాలమ్‌ల వార్త. రాసినవారి పేరుండదు. ఆ వార్తలో వాక్యాలు, సంస్థ పంపిన ప్రకటనలో వాక్యాలు ఒకటే. అలాంటి కత్తిరింపులు పది తెచ్చి పేర్చినవాడికి మూలాలు లేవని ఎలా చెబుతారు? పొగడ్త వికీపీడియాలోకి వచ్చే దారి ఇప్పుడు నేరుగా కాదు. ముందు పత్రికలోకి, అక్కడి నుంచి మూలంగా వ్యాసంలోకి. పుస్తక సమీక్షల సంగతీ అంతే. పరిచయాలు పెరిగాయి, విమర్శ తగ్గింది. పుస్తకం బాగాలేదని రాసే సమీక్షకుడు లేని భాషలో, బాగుందన్న సమీక్షకు విలువెంత? ఈ దశలో వికీపీడియన్లు చేయగలిగింది పరిమితం. ఒకే వార్త నాలుగు పత్రికల్లో అవే మాటలతో వస్తే అది ఒక్క మూలమే, అదీ ప్రెస్‌నోటే అని గుర్తించడం. సన్మాన వార్తలను ప్రాముఖ్యతకు సాక్ష్యంగా తీసుకోకపోవడం. విశ్వవిద్యాలయ పరిశోధనలు, పేరున్న విమర్శకులు సంతకం చేసి రాసినవి వెతకడం. వీటిలో చాలావరకు ఇప్పటికే చేస్తున్నారు కూడా.

మిగతా పని వాళ్ళది కాదు, పత్రికల సంపాదకులది. డబ్బు తీసుకుని వేసినదాని మీద 'ప్రకటన' అని కనబడేలా రాయండి. విలేకరి స్వయంగా వెళ్ళి, నలుగురిని అడిగి రాసినదానికి అతని పేరు పెట్టండి. ప్రెస్‌నోట్‌ను ప్రెస్‌నోట్ అనండి. వారానికి ఒక్కసారైనా, తన గురించి తాను ఎవరికీ చెప్పుకోని ఒక కళాకారుడి దగ్గరకో రైతు దగ్గరకో శాస్త్రవేత్త దగ్గరకో విలేకరిని పంపండి. అచ్చులో అది లేనంతవరకు తెలుగు వికీపీడియాలో ఎవరికి పేజీ ఉండాలో కత్తిరింపుల సంచులే నిర్ణయిస్తాయి.